డీజిల్ ఇంజను – ఆయువు, ఆరోగ్యం

ప్రక్రియ : వైజ్ఞానిక వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో మనిషికి తోడ్పడే యంత్రాలను ఉపయోగించడం ఎంత ముఖ్యమో, వాటి పనితీరును అర్థం చేసుకొని సంరక్షించుకోవడం అంత ముఖ్యం. ఆధునిక టర్బో డీజిల్ కారు ఇంజను నిర్మాణాన్నీ, దాని చరిత్రనూ, దానిని కాపాడుకొనే పద్ధతులనూ విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం. శాస్త్ర విషయాలను తెలుగులో సరళంగా వివరించవచ్చునని తెలియజేయడం మరొక ఉద్దేశం.

పాఠ్యభాగం

గోదావరి, ప్రాణహిత నదులు కలిసే కాళేశ్వర క్షేత్రానికి చేరువలో ఉన్న మండల కేంద్రం మహదేవపూర్. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో భూపాలపల్లి జిల్లాలో చేరింది. ఒకవైపు నదీతీరం, మరొకవైపు దట్టమైన అడవి. దసలిపట్టుకు పేరుపొందిన ఈ ఊరికి రైలుస్టేషను లేదు. పంట మార్కెట్టుకు పోవాలన్నా, విద్యార్థి పరీక్షకు పోవాలన్నా, రోగి పెద్దాసుపత్రికి పోవాలన్నా రోడ్డే దిక్కు. 2015 జులైలో గోదావరి పుష్కరాలకూ, 2025 మేలో సరస్వతీ పుష్కరాలకూ కాళేశ్వరం వచ్చిన యాత్రికులు ఈ అడవిదారుల్లోనే ప్రయాణించారు.

ఇటువంటి చోట వాహనం విలాసవస్తువు కాదు, ప్రాణావసరం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ క్రమంగా పల్లెలకు విస్తరించిన తరువాత ఈ సత్యం అందరికీ తెలిసివచ్చింది. అర్ధరాత్రి ప్రసవవేదన పడుతున్న తల్లిని తీసుకొనిపోతున్న వాహనం అడవి మధ్యలో ఆగిపోతే కలిగే నష్టాన్ని రూపాయల్లో లెక్కకట్టలేము. అంబులెన్సులు, జీపులు, ట్రాక్టర్లు, అద్దెకు తిరిగే పెద్ద కార్లు చాలావరకు డీజిల్‌తో నడిచేవే. కాబట్టి డీజిల్ ఇంజను మంచిచెడ్డలు తెలుసుకోవడం మెకానిక్కుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

పేరు వెనుక మనిషి

డీజిల్ అనేది మొదట ఇంధనం పేరు కాదు, ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో జర్మన్ తల్లిదండ్రులకు జన్మించాడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా దేశాల మధ్య యుద్ధం రావడంతో ఆ కుటుంబం పారిస్‌ను విడిచి లండను చేరింది. అక్కడినుండి బాలుడైన రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల ఇంటికి పంపారు. తరువాత అతడు మ్యూనిక్‌లో శీతల యంత్రాల నిపుణుడైన కార్ల్ ఫాన్ లిండే వద్ద చదువుకున్నాడు.

ఆ రోజుల్లో ఆవిరి యంత్రాలదే రాజ్యం. అయితే బొగ్గు మండగా పుట్టిన శక్తిలో సుమారు పదోవంతు మాత్రమే పనిగా మారేది. మిగిలినదంతా వేడిరూపంలో వృథా అయ్యేది. ఈ దుబారాను తగ్గించాలన్నదే డీజిల్ సంకల్పం. 1892లో అతడు తన ఆలోచనకు పేటెంటు కోరాడు. ఎన్నో వైఫల్యాల తరువాత 1897లో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించిన ఇంజను ఇంధనశక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చి ఇంజనీర్లను ఆశ్చర్యపరిచింది.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుసెనగ నూనెతో నడిచింది. రైతు పండించిన గింజలనుండి ఇంధనం పొందవచ్చుననే ఆశకు అది నాంది. ఒక శతాబ్దం గడిచాక తెలుగునేలపైన కూడా ఆ ఆశ చిగురించింది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గిరిజన గ్రామ మహిళలు కానుగ గింజలనుండి నూనె తీశారు. డీజిల్‌కు బదులు ఆ నూనెను వాడితే తగ్గే 147 టన్నుల కర్బన ఉద్గారాలకుగాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి సొమ్ము చెల్లించింది. అయితే నేటి కార్ల సున్నితమైన ఇంజన్లలో శుద్ధిచేయని నూనెలు పోయరాదు.

డీజిల్ జీవితం విషాదంగా ముగిసింది. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండ్‌కు పోతున్న డ్రెస్డెన్ అనే ఓడనుండి అతడు అదృశ్యమయ్యాడు. కొన్ని రోజుల తరువాత సముద్రంలో మృతదేహం దొరికింది. ఆ మరణానికి కారణం నేటికీ తేలలేదు. మనిషి పోయినా పేరు మాత్రం ఊరూరా బంకుల మీద నిలిచిపోయింది.

నిప్పురవ్వ లేని మంట

పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని స్పార్కుప్లగ్గు అనే సాధనం నిప్పురవ్వతో వెలిగిస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ సాధనం ఉండదు. సైకిలు ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. గాలిని వేగంగా నొక్కితే వేడి పుడుతుంది. ఈ చిన్న సూత్రమే డీజిల్ ఇంజనుకు ఆధారం.

ఇంజను పని నాలుగు ఘట్టాలుగా సాగుతుంది. మొదటి ఘట్టంలో పిస్టన్ కిందికి దిగి సిలిండర్‌లోకి గాలిని పీల్చుకుంటుంది. రెండవ ఘట్టంలో పైకి లేచి ఆ గాలిని సుమారు పదహారోవంతుకు కుదిస్తుంది. అప్పుడు గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా ఆ సమయంలో ఇంజెక్టర్ డీజిల్‌ను మంచుతుంపరలా చిమ్ముతుంది. నిప్పురవ్వ అవసరం లేకుండానే ఇంధనం అంటుకొంటుంది. మూడవ ఘట్టంలో ఆ మంటవల్ల వ్యాకోచించిన వాయువులు పిస్టన్‌ను కిందికి నెడతాయి. చక్రాలను తిప్పే శక్తి పుట్టేది ఇక్కడే. నాలుగవ ఘట్టంలో పొగ బయటికి పోతుంది. నిమిషానికి 2000 సార్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండర్ ఈ నాలుగు పనులను నిమిషానికి 1000 సార్లు పూర్తిచేస్తుంది.

వ్యర్థమే సామర్థ్యమైన వేళ

ఇంధనం మండాలంటే గాలి కావాలి. ఎక్కువ గాలి అందితే ఎక్కువ ఇంధనాన్ని శుభ్రంగా మండించవచ్చు. బయటికి పోయే పొగలోని శక్తితోనే లోపలికి వచ్చే గాలిని ఎందుకు నెట్టరాదు? ఈ ఆలోచన స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషిది. 1905లో అతడు దీనికి పేటెంటు పొందాడు. దానినే నేడు టర్బో అంటున్నారు.

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివరల రెండు చిన్న చక్రాలు ఉంటాయి. వేడిపొగ తగిలి ఒక చక్రం తిరుగుతుంది. దానితోపాటు తిరిగే రెండవ చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజనుకు అందిస్తుంది. చిన్న కార్లలోని టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా, కొన్నిటిలో రెండు లక్షల వరకు చుట్లు తిరుగుతుంది. నొక్కినందువల్ల వేడెక్కిన గాలిని ఇంటర్‌కూలర్ చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి చిక్కనవుతుంది. కనుక అంతే చోటులో ఎక్కువ ప్రాణవాయువు ఇముడుతుంది.

1978లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ 300 ఎస్‌డి అనే పేరుతో తొలి టర్బో డీజిల్ కారును అమ్మకానికి తెచ్చింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో కామన్ రైల్ విధానం కార్లలో ప్రవేశించింది. ఈ విధానంలో ఒకే గొట్టంలో డీజిల్‌ను వాతావరణ పీడనానికి వెయ్యిరెట్లకు మించిన ఒత్తిడితో నిలువచేస్తారు. ప్రతి ఇంజెక్టరూ కంప్యూటరు ఆజ్ఞ మేరకు అవసరమైన క్షణంలో తెరుచుకుంటుంది. ప్రధానమైన తుంపరకు ముందు ఒక చిన్న తుంపర చిమ్మడంవల్ల పాత డీజిల్ బండ్లలో వినిపించే టకటక శబ్దం తగ్గింది. మనదేశంలో 2007లో వచ్చిన మారుతి స్విఫ్ట్ డీజిల్ వంటి కార్లు ఈ విధానాన్ని మధ్యతరగతి ఇళ్లకు చేర్చాయి.

నాలుగు రక్షణలు

ఇంత సూక్ష్మమైన యంత్రానికి శత్రువులు కూడా సూక్ష్మమైనవే. కంటికి కనిపించని ఇసుకరేణువు, చుక్క నీరు, మాడిన నూనె దానిని చెరుపుతాయి. వాటినుండి రక్షించడానికి నాలుగు జాగ్రత్తలు ప్రధానమైనవి.

మొదటిది నూనె. మనిషికి రక్తం ఎటువంటిదో ఇంజనుకు ఆయిల్ అటువంటిది. టర్బో ఇరుసు లోహానికి తగలకుండా పలుచని నూనెపొరపై తేలుతూ తిరుగుతుంది. చల్లని ఇంజనును స్టార్టు చేసిన వెంటనే వేగంగా తొక్కితే నూనె అందకముందే ఇరుసు అరుగుతుంది. అందువల్ల అర నిమిషం ఆగి, మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. అదేవిధంగా దూరప్రయాణం ముగిసిన వెంటనే ఇంజనును ఆపరాదు. ఆపితే నూనె ప్రవాహం నిలిచిపోయి, ఎర్రగా కాలిన టర్బోలో మిగిలిన నూనె మాడి గడ్డకడుతుంది. ఒకటి రెండు నిమిషాలు నిలకడగా తిరగనిచ్చి ఆపడం మంచిది. కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో సూచించిన రకం నూనెనే, సూచించిన గడువులో మార్చాలి. నూనె నల్లబడినంత మాత్రాన చెడినట్లు కాదు. మసిని తనలో కలుపుకోవడం దాని పనుల్లో ఒకటి. గడువు దాటినప్పుడే అది ఆ శక్తిని కోల్పోతుంది.

రెండవది గాలి. గోదావరి ఇసుకను మోసే లారీల వెనుక, భూపాలపల్లి బొగ్గుగనుల దారిలో తిరిగే బండి పీల్చే గాలిధూళి నగరంలోని కారు పీల్చేదానికంటె ఎక్కువ. గాలి వడపోత మూసుకొనిపోతే ఇంజనుకు ఊపిరి ఆడదు. చిరిగితే ఇసుక లోపలికి చేరి టర్బో రెక్కలనూ, సిలిండర్ గోడలనూ గీస్తుంది. దుమ్ముదారులలో నడిచే బండికి పుస్తకంలోని గడువుకంటె ముందుగానే దీనిని పరిశీలించి మార్చాలి.

మూడవది ఇంధనం. ఇంజెక్టర్ రంధ్రం తలవెంట్రుకకంటె కొద్దిగా మాత్రమే పెద్దది. డీజిల్‌లో చేరిన నీరు దానిని తుప్పుపట్టిస్తుంది. డీజిల్ వడపోత అడుగున చేరిన నీటిని ఎప్పటికప్పుడు తీసివేయాలి. కిరోసిను కలిపిన కల్తీ డీజిల్ మరింత ప్రమాదకరం. డీజిల్ మంటకే కాక పంపులోని భాగాల కందెనగా కూడా ఉపయోగపడుతుంది. కిరోసినులో ఆ జిగి లేదు. లీటరుకు కొన్ని రూపాయలు మిగిలాయని సంతోషించినవాడు పంపును పోగొట్టుకుంటాడు. వందల రూపాయల వడపోతను మార్చని నిర్లక్ష్యం వేల రూపాయల ఇంజెక్టర్లను బలితీసుకుంటుంది.

నాలుగవది చల్లదనం. రేడియేటర్‌లో పోసేది ఉత్త నీరు కాదు, తుప్పును అడ్డుకొనే మందు కలిసిన కూలెంట్. బోరునీటిలోని లవణాలు సన్నని దారులలో పేరుకొని వాటిని మూసివేస్తాయి. ఉష్ణోగ్రత ముల్లు ఎరుపుగీతకు చేరితే బండిని పక్కకు ఆపాలి. వేడి తగ్గకముందే రేడియేటర్ మూత తెరిస్తే మరిగే నీరు ఎగజిమ్మి ముఖం కాలిపోతుంది.

పొగ చెప్పే మాట

వైద్యుడు నాడి చూసినట్లు అనుభవజ్ఞుడైన మెకానిక్ పొగను చూస్తాడు. నల్లని పొగ వస్తే గాలి చాలలేదనో, ఇంధనం ఎక్కువైందనో అర్థం. వడపోత మూసుకొనిపోవడం, టర్బో గొట్టం చిరగడం, ఇంజెక్టర్ చెడిపోవడం దీనికి కారణాలు. నీలిపొగ నూనె మండుతున్నదని చెబుతుంది. పిస్టన్ రింగులో, టర్బోలోని సీళ్లో అరిగి ఉంటాయి. దీనిని ఉపేక్షిస్తే ఒక్కొక్కప్పుడు ఇంజను తన నూనెనే ఇంధనంగా తాగుతూ, తాళంచెవి తీసినా ఆగకుండా తిరిగి నాశనమవుతుంది. ఎడతెగని తెల్లపొగ మండని డీజిల్‌కో, సిలిండర్‌లోకి కారుతున్న కూలెంట్‌కో సూచన. చలికాలపు ఉదయం కొద్దిసేపు కనిపించే తెల్లని ఆవిరికి భయపడనక్కరలేదు.

చేయరాని పనులు

వానకాలంలో వాగులు పొంగినప్పుడు నీటి లోతు తెలియకుండా బండిని దింపరాదు. కొట్టుకొనిపోయే ప్రమాదం మొదటిది. గాలి గొట్టంగుండా నీరు సిలిండర్‌లో చేరడం రెండవది. గాలిని కుదించవచ్చు కాని నీటిని కుదించలేము. పైకి వచ్చిన పిస్టన్ నీటిని ఢీకొంటే దాని కడ్డీ వంగుతుంది. అందువల్ల నీటిలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్టు చేయరాదు. బయటికి లాగి మెకానిక్‌కు చూపాలి.

పొరపాటున డీజిల్ కారులో పెట్రోలు పోస్తే తాళంచెవి తిప్పకుండా ట్యాంకు ఖాళీచేయించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు డీజిల్ గొట్టంలో లీకు ఎక్కడున్నదో వేలితో తడిమి చూడరాదు. అంతటి ఒత్తిడితో వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి దిగుతుంది. గాయం సూదిపోటులా చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోకపోతే వేలినే తీసివేయవలసి వస్తుంది.

ఊరి గాలి – మన బాధ్యత

డీజిల్ ఇంజనుకు మరొక ముఖం కూడా ఉన్నది. దాని పొగ క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. అందువల్ల ప్రభుత్వాలు నియమాలను కఠినతరం చేశాయి. మనదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. డీజిల్‌లోని గంధకం పరిమితి పదిలక్షల పాళ్లకు 50 పాళ్లనుండి 10 పాళ్లకు తగ్గింది. ఆ సంవత్సరమే మారుతి సంస్థ డీజిల్ కార్ల తయారీని విరమించింది.

కొత్త డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. మసి నిండినప్పుడు ఇంజను పొగను సుమారు 600 డిగ్రీలకు వేడిచేసి దానిని కాల్చివేస్తుంది. ఎప్పుడూ సందుల్లో చిన్న దూరాలే తిరిగే కారుకు ఈ అవకాశం దొరకక జల్లెడ పూడిపోతుంది. హెచ్చరిక దీపం వెలిగినప్పుడు పుస్తకంలో చెప్పిన విధంగా పెద్దరోడ్డుపై కొంతసేపు నిలకడైన వేగంతో నడపాలి. కొన్ని బండ్లలో విషవాయువులను తగ్గించడానికి 32.5 శాతం యూరియా, మిగిలినది శుద్ధజలం ఉన్న ద్రవాన్ని వేరే ట్యాంకులో పోస్తారు. పేరు ఒకటే కదా అని పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోస్తే అందులోని మలినాలు ఆ వ్యవస్థనంతటినీ చెరుపుతాయి.

మైలేజీ పెరుగుతుందని చెప్పి మసి జల్లెడను కోసి తీసివేసేవారూ ఉన్నారు. ఆ కారు యజమానికి మిగిలేది కొద్దిపాటి డబ్బు. బడి ముందు నిలబడిన పిల్లల ఊపిరితిత్తులలో చేరేది మసి. తన లాభంకోసం పదిమంది పీల్చే గాలిని చెరపడం నాగరికత అనిపించుకోదు.

ఉపసంహారం

యంత్రం చెడిపోయేముందు ఏదో ఒక సంకేతం ఇస్తుంది. పొగ రంగు, శబ్దంలో మార్పు, వెలిగిన దీపం, నేలపై పడిన నూనెచుక్క అటువంటివే. వాటిని గమనించే ఓపిక యజమానికి ఉండాలి. బండి గోడకు నిలబడి ఉన్నప్పుడు చేసే పది నిమిషాల పరిశీలన అడవిదారిలో రాత్రంతా నిలబడే దుస్థితిని తప్పిస్తుంది. విద్యుత్తుతో నడిచే కార్లు పెరుగుతున్న నేటి కాలంలో కూడా ఇప్పటికే రోడ్డుమీద ఉన్న డీజిల్ బండ్లు ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి. వాటిని శుభ్రంగా, క్షేమంగా నడపడం ప్రాణరక్షణ, పొదుపు, పరోపకారం మూడింటినీ కలిపి సాధించే మార్గం.

కఠిన పదాలు – అర్థాలు

దుబారా : వృథా ఖర్చు
సంకల్పం : గట్టి నిశ్చయం
నాంది : ఆరంభం
వ్యాకోచించు : విస్తరించు, పెద్దదగు
ఇరుసు : చక్రాలు తిరగడానికి ఆధారమైన కడ్డీ
కందెన : రాపిడిని తగ్గించడానికి పూసే నూనె
ఉపేక్షించు : పట్టించుకోకపోవు
ఉద్గారాలు : బయటికి వెలువడే వాయువులు
మలినాలు : మురికి పదార్థాలు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. డీజిల్ ఇంజను నాలుగు ఘట్టాలనూ, టర్బో పనితీరునూ వివరించండి.
2. ఇంజను సంరక్షణకు అవసరమైన నాలుగు జాగ్రత్తలను మీ ఊరి పరిస్థితులకు అన్వయించి రాయండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. రుడాల్ఫ్ డీజిల్ జీవితాన్ని గురించి రాయండి.
2. పొగ రంగును బట్టి ఇంజను లోపాలను ఎలా గుర్తించవచ్చు?
3. నీటిలో ఆగిన బండిని మళ్లీ ఎందుకు స్టార్టు చేయరాదు?
4. మసి జల్లెడను తీసివేయడం ఎందుకు తప్పు?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. టర్బోకు పేటెంటు పొందినవారెవరు?
2. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇంజను ఏ నూనెతో నడిచింది?
3. భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు ఎప్పటినుండి అమలులోకి వచ్చాయి?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "గాలిని కుదించవచ్చు కాని నీటిని కుదించలేము."
2. "వాహనం విలాసవస్తువు కాదు, ప్రాణావసరం."

V. సంధులు
1. ప్రాణావసరం = ప్రాణ + అవసరం – సవర్ణదీర్ఘ సంధి
2. ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత – గుణసంధి
3. పరోపకారం = పర + ఉపకారం – గుణసంధి
4. అవసరమైన = అవసరము + ఐన – ఉత్వసంధి

VI. సమాసాలు
1. నదీతీరం – నది యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం
2. నాలుగు ఘట్టాలు – నాలుగు సంఖ్యగల ఘట్టాలు – ద్విగు సమాసం
3. గాలిధూళి – గాలియును ధూళియును – ద్వంద్వ సమాసం
4. శుద్ధజలం – శుద్ధమైన జలం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ఊరిలోని మెకానిక్ షెడ్డుకు వెళ్లి, అక్కడికి వచ్చిన డీజిల్ బండ్లలో ఎక్కువగా కనిపించే లోపాలనూ, వాటి కారణాలనూ అడిగి తెలుసుకొని ఒక నివేదిక రాయండి. అక్కడ వాడే పనిముట్ల పేర్లను తెలుగులో సేకరించండి.